పద్నాలుగో చరణం

వాన ఆగేలా లేదు. మస్కట్‌లో బౌషర్ కొండల మీద మబ్బు నల్లగా కమ్మినప్పుడు ఇదేదో పావుగంట ముచ్చట అనుకుంది మనోజ్ఞ, ఈ ఊళ్ళో వాన ఎప్పుడూ అంతే, బాల్కనీలో బట్టలు తీసేదాకా కురిసి తీశాక మాయమైపోతుంది, కానీ ఇవాళ మూడింటికి మొదలైంది మూడున్నరయినా అదే ధార, ఏడాదంతా రాళ్ళు తేలి ఎండిపోయి ఉండే వాదీలో, అంటే ఇక్కడి వాగులో, ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి, నాలుగో అంతస్తు కిటికీలోంచి చూస్తే కింద కార్లు లైట్లు వేసుకుని ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి, వాటిలో ఏ టాక్సీలోనూ లిగయ లేదు, ఎందుకంటే లిగయ ఇప్పుడే సీబ్‌లో బయల్దేరానని మెసేజ్ పెట్టింది, మామూలు రోజున సీబ్ నుంచి ఇక్కడికి ఇరవై ఐదు నిమిషాలు, ఇవాళ ఎంతో ఎవరు చెప్పగలరు. నాలుగింటికి కాల్. ఇక్కడ నాలుగంటే అక్కడ ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది, ఎనిమిదిన్నరకి మందు వేస్తే లిగయ వాళ్ళ నాన్న నిద్రలోకి జారిపోతాడు, అంటే ఉన్నదంతా అరగంట, ఆ అరగంట కోసం ఐదు నెలలుగా ఇద్దరాడవాళ్ళు నోళ్ళు అరగదీసుకున్నారు. రేపు చేసుకోవచ్చుగా అన్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్తూ భర్త చైతన్యకృష్ణ, మంచివాడే, దేన్నీ కాదనడు, దేన్నీ రెండోసారి అడగడు. రేపు కాదండీ, ఇవాళే, ఇవాళ డిసెంబరు ముప్ఫై అంది తను, ఆ తారీకు సంగతి ఆయనకి మూడుసార్లు చెప్పి ఉంటుంది, సరే సరే అని కారు తాళాలు వెతుక్కున్నాడు. వాట్సాప్‌లో ఇక్కడ కాల్ కలవదు కాబట్టి పన్నెండేళ్ళ హిమజ డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి జూమ్ తెరిచి, స్క్రీన్‌లో తన మొహం చూసుకుంటూ జడ సవరించుకుంటోంది.

జూలైలో హిమజకి సీబ్‌లో ఈత క్లాసులు పెట్టకపోతే ఇదేదీ జరిగేది కాదు. పిల్ల నీళ్ళలో ఉన్న గంటసేపు ఎండలో ఏం చెయ్యాలో తోచక పక్కనే ఉన్న ఆడవాళ్ళ సెలూన్‌లో దూరింది మనోజ్ఞ, చల్లగా ఉంది, కూర్చోబెట్టి తల వెనక్కి వాల్చి బేసిన్‌లో పెట్టారు, ఎవరివో వేళ్ళు మెత్తగా మాడు మీద తిరిగాయి, షాంపూ వాసన, నీళ్ళ చప్పుడు, కళ్ళు మూతలు పడుతున్నాయి, అప్పుడు వినిపించింది. ఆ వేళ్ళ మనిషి తనలో తాను ఏదో గొణుక్కుంటోంది, పాట కాదు, పాటకి దగ్గరగా ఉన్నదేదో, మాటలు సగం మింగేసినట్టు వస్తున్నాయి గానీ ఆ లయ ఉంది చూశారూ, నిద్రలో లేపి అడిగినా పట్టుకోగల లయ, ఒక పాదం మధ్యదాకా వచ్చి ఆగిపోవడం, మళ్ళీ మొదటికి పోవడం, మళ్ళీ అక్కడే ఆగిపోవడం. మూడోసారి ఆగినప్పుడు మనోజ్ఞ కళ్ళు మూసుకునే ఉండి ఆ పాదంలో మిగిలిన సగం చెప్పేసింది. తనే చెప్పానని తనకీ తెలియలేదు, పదిహేనేళ్ళుగా నాలుక కింద ఎక్కడ ఉందో ఆ స్పానిష్, వచ్చేసింది. వేళ్ళు ఆగిపోయాయి. నీళ్ళు చెవిలోకి పోతున్నాయి. కళ్ళు తెరిస్తే తలకిందులుగా ఒక మొహం, నలభై ఏడు నలభై ఎనిమిదేళ్ళది, తెల్లబోయి చూస్తోంది.

“మేడమ్, అది మీకెలా తెలుసు? మా దేశంలోనే ఎవరికీ రాదు.”

తువాలు చుట్టి లేపి కూర్చోబెట్టింది, తువాల్యా, తువాల్యా అని పక్క పిల్లని ఇంకోటి అడిగింది, మనోజ్ఞకి నవ్వొచ్చింది, మేమూ దాన్ని తువాలే అంటాం అంది, ఆ రోజు జుట్టు కత్తిరించడం అయ్యేసరికి హిమజ తడి జుట్టుతో వచ్చి తలుపు దగ్గర నిలబడి పావుగంట అయింది. లిగయ అని పేరు, సంతోషం అని అర్థమట, సెలూన్‌లో మిగతా ఫిలిప్పీన్ పిల్లలందరూ ఆమెని ఆతే అంటారు, ఆతే అంటే అక్క. రెండోసారి వెళ్ళినప్పటికి మనోజ్ఞ కూడా ఆతే అనేసింది. లిగయ మాత్రం ఇప్పటికీ మేడమ్ అనడం మానలేదు.

ఆమె ఊరు ఇలోయిలో దగ్గర. నాన్న బడిపంతులు, చదువుకునే రోజుల్లో అక్కడి కాలేజీల్లో స్పానిష్ తప్పనిసరిగా చదవాల్సి వచ్చేదట, మిగతావాళ్ళు పరీక్ష రాసి మర్చిపోతే ఈయన దాన్ని పట్టుకున్నాడు, దేనికోసమంటే ఒక్క పద్యం కోసం. వాళ్ళ దేశపు వీరుడు రాసిన పద్యం, కత్తి పట్టిన వీరుడు కాదు, కళ్ళ డాక్టరు, ముప్ఫై ఐదేళ్ళవాడు, నూట ముప్ఫై ఏళ్ళ కిందట ఒక డిసెంబరు ముప్ఫైన తెల్లవారుతుండగా స్పెయిన్ ప్రభుత్వం అతన్ని నిలబెట్టి కాల్చేసింది. చావు ఖాయమని తెలిశాక చిన్న కాగితం మీద సన్నటి అక్షరాలతో పద్నాలుగు చరణాలు రాశాడు, పేరు పెట్టలేదు, సంతకం లేదు, దాన్ని మడిచి చిన్న స్పిరిట్ స్టవ్‌లో దాచి, కడసారి చూడటానికి వచ్చిన చెల్లెలితో లోపల ఒకటుంది అని ఇంగ్లీషులో చెప్పాడంటారు, కాపలావాళ్ళకి అర్థం కాకూడదని. తనని చంపబోతున్న వాళ్ళ భాషలోనే తన దేశానికి సెలవు చెప్పుకున్నాడు. ఇప్పుడా దేశంలో ఆ భాష వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్క, పిల్లలు దాన్ని అనువాదంలో చదువుకుంటారు. లిగయ నాన్న మాత్రం ప్రతి డిసెంబరు ముప్ఫైనా పొద్దున్నే బడి ముందు జెండా దగ్గర నిలబడి అసలు దాన్నే, ఒక్క అక్షరం చూడకుండా, పద్నాలుగు చరణాలూ చెప్పేవాడు, పిల్లలు ఎండలో అటూ ఇటూ కాళ్ళు మార్చుకుంటూ నిలబడేవాళ్ళు. పదహారేళ్ళప్పుడు లిగయ అందరి ముందూ అనేసింది, ఎవరికి అర్థమవుతుంది నాన్నా, నువ్వు గోడలకి చెప్తున్నావు అని. ఆయన కోప్పడలేదు. మరుసటి ఏడాదీ చెప్పాడు, ఆపై ఏడాదీ చెప్పాడు, కానీ ముందు వరసలో వచ్చి నిలబడమని కూతుర్ని మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా పడిపోయాయి. ఎన్నో ఏళ్ళు కంఠస్థంగా ఉన్నవి ఒక్కోసారి మాటలు పోయినవాళ్ళ నోట కూడా వస్తాయని, ప్రార్థనలు, పాటలు, పద్యాలు, వినిపించి చూడండని అక్కడి డాక్టరు అన్నాడట. లిగయ చెల్లెలు అనువాదం చదివి వినిపించింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అసలు దాన్నే నేర్పండి మేడమ్ అంది లిగయ.

మూడు నలభై. టాక్సీ కదలడం లేదు మేడమ్ అని మెసేజ్, దాని వెనకే ఏడుపు బొమ్మ, దాని వెనకే కంగారులేదు అని ఇంకొకటి. వానకి తడిసిన కిటికీ అద్దాన్ని చేత్తో తుడిచింది మనోజ్ఞ, బయటి తడిని లోపలినుంచి తుడిస్తే పోతుందా. ఎన్ని శుక్రవారాలు ఈ టేబుల్ దగ్గరే కూర్చున్నారో, లిగయకి వారానికి ఒక్క పూటే సెలవు, ఆ పూట సీబ్ నుంచి వచ్చి, చెప్పులు బయట వదిలి, మినపట్టు ఇష్టంగా తిని, చెయ్యి కడుక్కుని బళ్ళో పిల్లలా నిటారుగా కూర్చునేది. మొదట్లో ఒక్కో చరణానికీ అర్థం చెప్పమనేది కాదు, ముందు నోరు తిరగనీ అనేది, నాలుగో వారానికి తనే పట్టేసింది, మా వంటింట్లో సగం స్పానిషే ఉంది మేడమ్, బల్ల, చెంచా, కిటికీ, చొక్కాకి బొత్తాం, అన్నీ ఇవే మాటలు, మాకు తెలియకుండా ఇన్నాళ్ళూ నాన్న భాషే మాట్లాడుతున్నాం అని కళ్ళు పెద్దవి చేసింది. మనోజ్ఞ ఆమెకి మాద్రిద్ పలుకుబడి నేర్పింది, తను నేర్చుకున్నది అదే కాబట్టి, కొన్ని చోట్ల ‘స’ అనకుండా నాలుక పళ్ళ మధ్యకి తెచ్చి ‘థ’ అనాలి. లిగయ ఎంత ప్రయత్నించినా మొదట్లో తుంపర్లే పడేవి, ఇద్దరూ టేబుల్ తుడుచుకుని నవ్వేవాళ్ళు, అలా నవ్వుతున్న ప్రతిసారీ మనోజ్ఞకి నవ్వు మధ్యలో ఎక్కడో తెగేది, ఎందుకంటే ఆ ‘థ’ దగ్గర ఇదివరకు ఇంకొకళ్ళు నవ్వారు, ఇంకో టేబుల్ దగ్గర.

నాలుక బయటపెట్టి మాట్లాడితే అమ్మీ కొడ్తది, నేను ‘స’నే అంట, మార్కులు పోతే పోనీ అనేది షైస్తా. తార్నాకలో భాషల యూనివర్సిటీ, క్యాంటీన్ వెనక రాతి బెంచీ, మార్చి నెల, నేల మీద కానుగ పూలు చల్లినట్టు పడి ఉండేవి. స్పానిష్ ఎమ్మేలో పదకొండు మంది, అందులో యాకుత్‌పురా నుంచి రెండు బస్సులు మారి వచ్చే షైస్తా, నల్లకుంట నుంచి ఒక్క బస్సులో వచ్చే తను. ఈ పద్యం వాళ్ళకి ఇంటి పనిగా వచ్చింది, మీ మీ భాషల్లోకి తెచ్చుకు రండి అన్నారు, ఇద్దరూ ఒకటే కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు, తను తెలుగులోకి, షైస్తా ఉర్దూలోకి. మొదటి పాదంలోనే దేశం అనే మాట దగ్గర ఆగిపోయారు, పాత్రియా, తండ్రి అనే మాటలోంచి పుట్టింది, వ్యాకరణంలో మాత్రం ఆడది, దీన్నేం చేద్దాం, జన్మభూమి అంటే తండ్రి పోతాడు, పితృభూమి అంటే చెవికి బాగుండదు, మా వతన్‌లో అమ్మ పోతది అంది షైస్తా, పెన్ను కొరుకుతూ చాలాసేపు చూసి, అబ్బా అమ్మీ ఇద్దరూ ఒక్క మాటల ఎట్ల కూసున్నరే వీళ్ళకి, మనకి రెండు కుర్చీలు కావాలె అంది. ఆ మధ్యాహ్నం అంతా ఆ ఒక్క మాటకే అయిపోయింది, చాయ్ మూడుసార్లు చల్లారింది. వాళ్ళ దాదా తన గల్లీ మీద ఫార్సీలో పద్యాలు రాసి పెట్టాడట, ఇంట్లో ఎవరికీ చదవడం రాదు, గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టుకున్నారు, ఏదో రోజు ఫార్సీ కూడా నేర్చుకుని చదువుత, ఆయన మా గల్లీ గురించి ఏం రాసిండో చూడాలె అనేది. మనోజ్ఞ ఒక్కోసారి అనుకుంటుంది, ఈ దేశం కాని దేశంలో పదిహేనేళ్ళుగా తనకి దేనిమీద ఇంత బెంగ, హైదరాబాదు మీదా, ఇంటి మీదా, వానకి తడిసిన మట్టి మీదా, కాదు, వాటి గురించి అందరూ బెంగపడతారు కనక తనూ పడుతున్నానని అనుకుంటుంది గానీ, నిజానికి ఆ రాతి బెంచీ, ఆ ఒక్క మాట కోసం పోట్లాడుకున్న ఆ మధ్యాహ్నం, పక్కనుంచి వచ్చే ఆ గొంతు.

ఆ గొంతు ఆఖరిసారి మామూలుగా మాట్లాడింది ఫోన్లో. షైస్తా వాళ్ళ అబ్బా మెట్ల మీద పడి తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు, పది రోజులుగా ఆమె క్లాసులకి రావడం లేదు, మనోజ్ఞ డిపార్ట్‌మెంట్ వరండాలో నోటీసు బోర్డు ముందు నిలబడి ఉంది, ఎదురుగా కాగితం, కొత్తది, ఒక్క పిన్నుతో గుచ్చారు, ఫ్యాను గాలికి కింది అంచు లేచి లేచి పడుతోంది. స్పెయిన్‌లో ఏడాదిపాటు బళ్ళో ఇంగ్లీషు చెప్తూ ఉండటానికి ఒక్కళ్ళకి అవకాశం. ఒక్కళ్ళకే. గురువారంలోగా అప్లై చెయ్యాలి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

“మనో, బోర్డు మీద ఏమన్న పడ్డదా? స్పెయిన్‌ది?”

“ఏం లేదే. వస్తే చెప్తాగా.”

“చూస్తుండు జర. అబ్బాని ఇడ్సిపెట్టి నేనెక్కడికి పోలేకపోతున్న.”

కాగితం చూస్తూనే చెప్పింది. అదే గుర్తుంటుంది, ఏం లేదే అన్నప్పుడు తన కళ్ళు చివరి తేదీ అన్న మాట మీద ఉన్నాయి. షైస్తా తనకంటే బాగా చదువుతుందని క్లాసులో అందరికీ తెలుసు, తనకి ఇంకా బాగా తెలుసు, అప్లికేషన్ ఇద్దరూ పెడితే ఎవరికి వస్తుందో కూడా తెలుసు. గురువారం అయిపోయాక సోమవారం షైస్తా వచ్చింది, చిక్కిపోయి, ఎంపికైన మనోజ్ఞ పేరు అదే బోర్డు మీద చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ముబారక్ మనో, మంచిగ పో అంది. అంతే. డిపార్ట్‌మెంట్ వార్షికోత్సవంలో ఒక చరణం తెలుగులో, ఒక చరణం ఉర్దూలో, మార్చి మార్చి చదవాలని ఇద్దరూ అనుకున్న కాగితాల్లో తనవి వేరుచేసి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత అయినా మనోజ్ఞ స్పెయిన్ వెళ్ళిందా, వెళ్ళి ఉంటే కనీసం ఆ తప్పుకి ఒక ఫలం ఉండేది. మేలో సంబంధం వచ్చింది, మస్కట్‌లో ఇంజినీరు, ఒక్కడే కొడుకు, మళ్ళీ సెలవు దొరకదు, ఇరవై రోజుల్లో పెళ్ళి, ఇంట్లోవాళ్ళు అడిగితే తల ఊపేసింది, యూనివర్సిటీకి రెండు వాక్యాల మెయిలు రాసింది, అప్పటికి వేరేవాళ్ళని పంపే గడువు దాటిపోయింది. ఆ సీటు ఎవరికీ దక్కలేదు. పదిహేనేళ్ళు. స్పానిష్ ఇక్కడ ఎవరితో మాట్లాడుతుంది, కొన్నాళ్ళు వంటింట్లో కుక్కర్‌తో మాట్లాడింది, హిమజ పుట్టాక అదీ పోయింది. క్లాసువాళ్ళ వాట్సాప్ గుంపులో షైస్తా నంబరు ఉంది, ఫొటో చోట ఒక నీలం కిటికీ, ఎప్పుడూ ఏమీ రాయదు, ఎవరిదైనా పుట్టినరోజయితే ఒక పువ్వు పెడుతుంది. మనోజ్ఞ పుట్టినరోజుకీ పెట్టింది. ఎన్నిసార్లు ఆ పేరు మీద వేలు పెట్టి, ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియక తీసేసిందో.

“అమ్మా, వాళ్ళొచ్చేశారు!” అంది హిమజ.

నాలుగు కాకముందే లాప్‌టాప్‌లో ఒక గది వెలిగింది, పచ్చ గోడ, ఫ్యాను, వెదురు కుర్చీలో తెల్లటి ఇస్త్రీ చొక్కా గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని బక్కపలచటి ముసలాయన, కుడి చెయ్యి ఒళ్ళో ఒక పక్కకి వాలి ఉంది, దువ్విన జుట్టు ఇంకా తడిగా ఉంది. పక్కనున్న చెల్లెలు ఇంగ్లీషులో పలకరించింది, పొద్దున్నించీ ఈ చొక్కావైపే వేలు చూపించాడు, ఇవాళ తారీకు ఆయనకి తెలుసు, అక్క ఏది అంది. వస్తోంది, వాన అంది మనోజ్ఞ. వాన అన్న మాటకి సాక్ష్యంలా బయట ఉరిమింది. ఆయన మనోజ్ఞ వైపు చూశాడు, ఎవరో అని చూశాడు, చూపు తిప్పుకున్నాడు, మళ్ళీ గోడ. నాలుగు ఐదు. నాలుగు పది. మేడమ్, టాక్సీ ఇక ముందుకి పోదు, రోడ్డు మీదికి వాదీ వచ్చేసింది, దిగి పైవంతెన మీంచి నడిచి వస్తున్నా అని లిగయ ఫోన్, గాలి హోరు, ఆతే జాగ్రత్త, నీళ్ళలో దిగొద్దు, వెనక్కి పొమ్మంటే వినరా అంది మనోజ్ఞ, నాన్నని నిద్రపోనివ్వకండి మేడమ్ అని పెట్టేసింది. నిద్రపోనివ్వకుండా తనేం చెయ్యగలదు. పద్యం తనే చెప్పేస్తే, గొంతు దాకా వచ్చింది, ఆయన ఇవాళ వింటే చాలుగా, ఎవరు చెప్తే ఏం, కాదు, ఒకళ్ళకి రావలసిన దాన్ని తను ముందే అందుకోవడం, మళ్ళీనా, పెదవులు గట్టిగా మూసుకుంది, హిమజని పిలిచి ఈతలో వచ్చిన పతకం చూపించమంది, హిమజ చూపించింది, ఆయన ఒక్క క్షణం చూశాడు. చెల్లెలు గడియారం వంక చూసింది.

నాలుగూ పద్దెనిమిదికి బెల్లు మోగింది. తలుపు తీస్తే లిగయ, మోకాళ్ళ దాకా బురద, చేతిలో చెప్పులు, సెలూన్ నల్ల యూనిఫారం ఒంటికి అతుక్కుపోయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. తువాలు అందించబోతే తీసుకోలేదు, తడి పాదాలతోనే టేబుల్ దగ్గరికి నడిచింది, కుర్చీలో కూర్చోలేదు, నిలబడింది, బడి ముందు పిల్లలు నిలబడ్డట్టు రెండు చేతులూ పక్కలకి పెట్టుకుని. తాయ్ అంది, నాన్నా అని. వాళ్ళ భాషలో రెండు మాటలు చెప్పింది, ఆ రెండు మాటలేమిటో మనోజ్ఞ అడగలేదు, ఎప్పటికీ అడగదు. తర్వాత మొదలుపెట్టింది.

మొదటి చరణం వణుకుతూ వచ్చింది, చలికో దేనికో. ముసలాయన గోడనుంచి మొహం తిప్పలేదు. రెండో చరణంలో తల కొంచెం కదిలింది. మూడో చరణంలో ఒక మాట దగ్గర లిగయ శ్రద్ధగా నాలుక పళ్ళ మధ్యకి తెచ్చి ‘థ’ అంది, ఐదు నెలలు కష్టపడి సాధించిన ‘థ’, అప్పుడాయన ఎడమ చెయ్యి లేచింది. చూపుడువేలు. లిగయ ఆగిపోయింది. వేలు అలాగే గాలిలో ఉంది, నోరు ఒక పక్కకి లాగుతోంది, పెదవులు కూడదీసుకుంటున్నాడు, ఎంతసేపు, ఆ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఈ గదిలో వినిపిస్తోంది, చివరికి బుస కొట్టినట్టు ఒక్క ధ్వని వచ్చింది.

“స్స.”

తప్పు దిద్దాడు. అక్కడ అలా అనరు, మనం ‘స’ అంటాం. చెల్లెలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. లిగయ ‘స’తో ఆ పాదం మళ్ళీ చెప్పింది, వేలు దిగింది, కానివ్వు అన్నట్టు ఊగింది, ఆ తర్వాత ప్రతి చరణానికీ ఆ వేలు తాళం వేస్తూనే ఉంది, ఐదు, ఆరు, ఎనిమిది, ఇంతకాలం ఈ పాదాల్ని తను కాగితం మీద చూసింది, షైస్తాతో పోట్లాడింది, లిగయకి అక్షరం అక్షరం నేర్పింది, ఇవాళే విన్నాననిపించింది మనోజ్ఞకి, ఒకడు అమ్మానాన్నలకీ అన్నదమ్ములకీ చిన్ననాటి నేస్తాలకీ ఒక్కొక్కళ్ళకే సెలవు చెప్తున్నాడు, ఎవరినీ మర్చిపోకుండా, రాత్రి అయిపోతోందని తెలిసీ తొందరపడకుండా. పద్నాలుగో చరణానికి వచ్చింది లిగయ. రెండు పాదాలు చెప్పింది. మూడోది సగంలో ఆగింది. మళ్ళీ మొదలెట్టింది, మళ్ళీ అక్కడే. చెప్పనా అన్నట్టు మనోజ్ఞ పెదవి కదిలింది, ఆపుకుంది. కుర్చీలోంచి, ముద్దగా, తడబడుతూ, కానీ లయ ఎక్కడా తప్పకుండా, మిగిలిన సగం వచ్చింది, నాలుగో పాదం వచ్చింది, ఐదోదాన్ని ఇద్దరూ కలిసి చెప్పారు. రెండేళ్ళలో ఆయన పలికిన మాటలన్నీ కలిపినా అన్ని లేవని తర్వాత చెల్లెలు చెప్పింది. లిగయ కుర్చీలో కూలబడి, టేబుల్ మీద తల పెట్టి, లాప్‌టాప్ అంచు పట్టుకుని ఏడుస్తోంది, ముసలాయన ఎడంచేత్తో తన వైపు స్క్రీన్‌ని తడుముతున్నాడు, ఆమె తల ఎక్కడుందో అక్కడ.

తర్వాత ఆయన చూపు మనోజ్ఞ మీదికి వచ్చింది. మాయెస్త్రా అన్నాడు. పంతులమ్మ. ఆ వేలు తన వైపే. లిగయ జరిగి చోటిచ్చింది, మాట్లాడండి మేడమ్, మీతో అంటున్నాడు. మనోజ్ఞ నమస్కారం పెట్టి, స్పానిష్‌లో, మీ ముందు నేనెక్కడి పంతులమ్మనండీ అంది, మీ అమ్మాయి చాలా కష్టపడింది అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు, అది కాదు, ఇంకేదో అడగాలి, పెదవులు మళ్ళీ కూడదీసుకున్నాడు.

“కోన్... కియెన్?”

ఎవరితో. ఎవరితో నేర్చుకున్నావు. ఒక స్నేహితురాలితో అంది మనోజ్ఞ. అక్కడితో ఆగవలసింది, ఆగలేదు, ఆమె పేరు షైస్తా అంది, నాకంటే బాగా చదివేది, ఆమె కూడా మీలాగే ‘స’ అనేది, నేనే థ నేర్చుకున్నాను, మేమిద్దరం ఈ పద్యాన్ని మా భాషల్లోకి తెచ్చుకున్నాం, చదవలేదు, నా వల్లే చదవలేదు, ఒకరోజు ఆమె ఫోన్ చేసి బోర్డు మీద ఏమైనా ఉందా అని అడిగింది, కాగితం నా కళ్ళ ముందుంది, ఏమీ లేదని చెప్పాను. క్రియలు తప్పుతున్నాయి, కాలాలు కలిసిపోతున్నాయి, చూశాను అనాల్సిన చోట చూస్తున్నాను అంటోంది, అయినా వస్తోంది, తెలుగులో ఎవరికీ చెప్పనిది, భర్తకీ అమ్మకీ చెప్పనిది, గుక్కతిప్పుకోకుండా. ఆమెకి వాళ్ళ నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు, నాకు తెలుసు, తెలిసే చెప్పాను, తర్వాత నేను కూడా వెళ్ళలేదు, ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, నా పుట్టినరోజుకి పువ్వు పెడుతుంది. లిగయ ఏడుపు ఆపి చూస్తోంది, ఒక్క షైస్తా అన్న పేరు తప్ప ఆమెకేమీ అర్థం కాలేదు, హిమజ నోరు తెరిచి చూస్తోంది, అమ్మ ఇంతసేపు ఆగకుండా మాట్లాడగా అది ఎప్పుడూ వినలేదు. అక్కడ చెల్లెలు మందు బిళ్ళ, నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

ఆయన కళ్ళు మాత్రం కదలలేదు. ఎంత అర్థమైందో తెలియదు, అంతా అర్థమైనట్టే చూస్తున్నాడు, నలభై ఏళ్ళు పిల్లలు చెప్పే సాకులు వినీ వినీ ఎక్కడ సాకు ఆగి నిజం మొదలవుతుందో పట్టుకోగల పంతులు చూసినట్టు. జాలిపడలేదు. ఎడమచెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాలిలో ఒక గీత గీశాడు. నోరు పక్కకి లాగింది.

“ఎస్... క్రీబె... లె.”

ఆమెకి రాయి అని, చాలు, వెళ్ళు అన్నట్టు చెయ్యి దించి మందు కోసం నోరు తెరిచాడు. చెల్లెలు బిళ్ళ వేసింది, నీళ్ళు తాగించింది, గుడ్‌నైట్ అక్కా, గుడ్‌నైట్ మేడమ్, పచ్చ గోడ ఆరిపోయింది.

వాన సన్నబడింది. లిగయ ఇప్పుడు తువాలు తీసుకుని మొహం తుడుచుకుంటూ, సిగ్గుపడుతున్నట్టు అడిగింది, “మేడమ్, చివర్లో మీతో నాన్న ఏమన్నాడు? ఆ మాట పద్యంలో లేదే?”

“హోంవర్క్ ఇచ్చారు” అంది మనోజ్ఞ.

హిమజ ఫక్కున నవ్వింది. “నీకా? ఎప్పటికి?”

“ఇవాళ్టికే” అని మనోజ్ఞ ఫోన్ అందుకుని, నీలం కిటికీ మీద వేలు పెట్టి, తీయకుండా, రాయడం మొదలుపెట్టింది.